మా పైఇంటి పిల్లాడి తరఫున ఒక వాదన

అపార్ట్‌మెంట్ గొడవల్లో మొదటి స్థానం ఎప్పుడూ కారు పార్కింగుదే. రెండో స్థానం కోసం నీళ్ళ ట్యాంకరు, కుక్కలు, మెయింటెనెన్సు బకాయిలు పోటీ పడుతూ ఉండేవి. 2020లో మనందరం లాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని ఇళ్ళకి చేరాక ఆ స్థానాన్ని ఇంకోటి కొట్టేసింది: పైఇంటి చప్పుడు. కుర్చీ జరిపిన చప్పుడు, గ్రైండరు చప్పుడు, పిల్లలు పరిగెత్తే చప్పుడు, అర్ధరాత్రి ఎవరో గోళీ జారవిడిచినట్టు టక్కుమనే చప్పుడు. అంతకుముందు కూడా ఇవన్నీ ఉన్నాయి. వినటానికి మనమే ఇంట్లో లేము.

మొన్న మా అసోసియేషన్ మీటింగులో ఒకాయన ఒక రూలు ప్రతిపాదించారు. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఏడు దాకా పిల్లలు ఇంట్లో పరిగెత్తకూడదట, పరిగెత్తితే జరిమానా అట. సగంమంది తలలూపారు. ఇక్కడ నా పరిస్థితి కూడా చెప్పాలి. మా పైఇంట్లో నాలుగేళ్ళ పిల్లాడున్నాడు. ఉదయం ఆరున్నరకల్లా హాల్లోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి హాల్లోకి వాడి పరుగు మొదలవుతుంది. నేనేమో రాత్రి ఒంటిగంట దాకా అమెరికా వాళ్ళతో కాల్స్‌లో ఉండి పడుకునే బాపతు. అంటే ఈ కేసులో నేను బాధితుణ్ణే. అయినా సరే, నేను వాదించేది ఆ పిల్లాడి తరఫునే. వాడు చేసేది నాలుగేళ్ళవాడు చెయ్యాల్సిన పనే. చెయ్యాల్సిన పని చెయ్యనిది మా ఇద్దరి మధ్యా ఉన్న ఆరంగుళాల స్లాబు.

స్లాబు మీద నేరం మోపుతున్నాను కాబట్టి సాక్ష్యం కూడా చూపించాలి కదా.

ఇంట్లో చప్పుడు రెండు రకాలు. ఒకటి గాలిలో పుట్టి వచ్చేది: మాటలు, టీవీ, పాటలు. రెండోది దెబ్బతో పుట్టేది: అడుగు, కుర్చీ కాలు, కింద పడ్డ గరిటె, గట్టు మీద అదిరే మిక్సీ. ఈ తేడా పట్టుకోకుండా 'సౌండ్‌ప్రూఫింగ్' అనే ఒకే పేరు పెట్టి డబ్బు ఖర్చుపెట్టేవాళ్ళే ఎక్కువ.

గాలిలో వచ్చేదాన్ని ఆపటానికి బరువు కావాలి. మన స్లాబుకి బరువుకేం తక్కువ లేదు. 150 మిల్లీమీటర్ల కాంక్రీటు చదరపు మీటరుకి సుమారు 360 కిలోలు తూగుతుంది. గాలి అలలు దాన్ని కదపలేవు. అమెరికాలో దీన్ని కొలిచే అంకెని ఎస్.టి.సి. అంటారు, ఎంత ఎక్కువైతే అంత మంచిది. ఇలాంటి స్లాబుకి అది 50 దాటుతుంది. అందుకే పైవాళ్ళ మాటలు మీకు వినిపిస్తుంటే అవి స్లాబులోంచి వస్తున్నాయని అనుకోకండి. చాలామటుకు కిటికీల్లోంచి, బాత్‌రూమ్ షాఫ్టులోంచి, తలుపుల సందుల్లోంచి దిగుతాయి. కిటికీ మూసి చూస్తే మీకే తెలుస్తుంది.

దెబ్బ విషయం వేరు. మడమ నేలకి తగిలినప్పుడు గాలితో పని లేదు. శక్తి నేరుగా కాంక్రీటులోకి దిగుతుంది, స్లాబు మొత్తం ఒక తప్పెటలా కంపిస్తుంది, ఆ కంపనం మన సీలింగులోంచి గాలిలోకి వస్తుంది. దీన్ని కొలిచే అంకె ఐ.ఐ.సి. అదే 150 మిల్లీమీటర్ల ఒట్టి స్లాబుకి ఇది 30 లోపే ఉంటుంది! ఒక పరీక్షలో ఫస్ట్ క్లాసు, ఇంకో పరీక్షలో ఫెయిలు, అదే స్లాబు. మనం దాని మీద సిమెంటు బెడ్డు వేసి, విట్రిఫైడ్ టైల్సో మార్బులో అతికించేస్తాం. గట్టిదాని మీద ఇంకా గట్టిది. మెత్తనిదనేది ఎక్కడా లేదు.

అన్నట్టు, అర్ధరాత్రి గోళీల చప్పుడు గురించి. పైఫ్లాటు ఖాళీగా ఉన్నా వినిపిస్తుందని చెప్పుకుంటూ ఉంటారు. దయ్యాల దాకా వెళ్ళకముందు నీళ్ళ పైపుల్ని అనుమానించండి. వాల్వు టక్కున మూసుకున్నప్పుడు పైపులో నీరు వెనక్కి తన్నుతుంది. ఆ దెబ్బ క్లాంపుల ద్వారా గోడకెక్కితే ఎక్కడో పైన వినిపించినట్టే ఉంటుంది. కాంక్రీటులో చప్పుడుకి అడ్రసు దొరకటం కష్టం. పక్క ఫ్లాటుది, రెండంతస్తుల కిందది కూడా 'పైనుంచి' వచ్చినట్టే అనిపించవచ్చు. తలుపు కొట్టి గొడవ పెట్టుకునే ముందు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

ఇప్పుడు మనవాళ్ళు చేసే వైద్యాల సంగతి చూద్దాం.

వైద్యం ఒకటి, ఫోమ్. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో ఎంతమంది గోడలకి నల్ల ఫోమ్ ముక్కలు, ఇంకొంతమంది కోడిగుడ్ల ట్రేలు అతికించారో లెక్కలేదు. ఫోమ్ చేసేది గదిలో ప్రతిధ్వని తగ్గించటం. కాల్‌లో మీ గొంతు అవతలివాళ్ళకి శుభ్రంగా వినిపిస్తుంది, అంతే. పైనుంచి దిగే దెబ్బని ఆపటానికి దానికి బరువూ లేదు, ఆ దారిలో అది లేనూ లేదు. పైగా మామూలు ఫోమ్ నిప్పంటుకుంటే భగ్గున మండుతుంది.

వైద్యం రెండు, థర్మోకోల్. 'సార్, ఇది పెడితే వేడీ రాదు, సౌండూ రాదు' అని అమ్ముతారు. మొదటి సగం నిజం, రెండో సగం కాదు. వేడిని ఆపేది వస్తువులో చిక్కుకున్న గాలి, చప్పుడుని ఆపేది బరువు, లేదా స్ప్రింగులాంటి మెత్తదనం. థర్మోకోల్‌కి గాలి ఉంది కానీ బరువు లేదు, మామూలు రకానికి కావలసినంత మెత్తదనమూ లేదు. అసలు హైదరాబాదులోనో విజయవాడలోనో మధ్య అంతస్తుల వాళ్ళకి పైఫ్లాటు నుంచి వచ్చే వేడి ఎంత? పైనా కిందా దాదాపు ఒకటే వేడి. వేడికి అడ్డం కావాల్సింది ఆఖరి అంతస్తు పైకప్పుకి, అదీ స్లాబు పైన, ఎండ కాంక్రీటుకి తగలకముందే. రాయలసీమలో మట్టిమిద్దెలు కట్టినవాళ్ళు దూలాల మీద అంత మందాన మట్టి పోసింది అందుకే. వాళ్ళకి తెలిసిన సంగతి మనం కాంక్రీటు వచ్చాక మర్చిపోయి, తర్వాత నిబంధనగా రాసుకున్నాం. 2018లో వచ్చిన 'ఎకో నివాస్ సంహిత' పైకప్పులోంచి దిగే వేడికి 1.2 అనే పరిమితి పెట్టింది. అంటే ఒక డిగ్రీ తేడాకి చదరపు మీటరుకి 1.2 వాట్లు. ఒట్టి కాంక్రీటు స్లాబు అయితే 3 దాటుతుంది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది. వేడికైతే ఒక అంకె ఉంది, ఒక పాలసీ ఉంది. చప్పుడు సంగతికి మళ్ళీ వస్తాను.

వైద్యం మూడు, ఫాల్స్ సీలింగ్. ఇది కొంత పనిచేస్తుంది, కానీ అందరూ వేయించుకునే పద్ధతిలో కాదు. మామూలుగా ఇనప పట్టీలని స్లాబుకి బిగించి కింద ఒక వరస జిప్సం బోర్డు వేసి, దానికి డజను లైట్ల కన్నాలు కొడతారు. స్లాబు అదిరితే పట్టీ అదురుతుంది, పట్టీ అదిరితే బోర్డు అదురుతుంది. పనిచెయ్యాలంటే రబ్బరు లేదా స్ప్రింగు హ్యాంగర్లు, కనీసం నాలుగంగుళాల సందు, అందులో రాక్‌వూల్, కింద రెండు వరసల బోర్డు, అంచుల్లో సీలెంటు కావాలి, లైట్ల కన్నాలు ఉండకూడదు. అరడుగు ఎత్తు పోతుంది, ఖర్చు బాగానే అవుతుంది. అంతా చేశాక కూడా చప్పుడు గోడల్లోంచి దిగుతుంది. ముఖ్యంగా ఇప్పటి ముప్ఫై నలభై అంతస్తుల టవర్లలో అల్యూమినియం ఫార్మ్‌వర్కుతో గోడలూ స్లాబూ కలిపి ఒకే కాంక్రీటు ముద్దగా పోస్తున్నారు. అక్కడ సీలింగుని మూసినా నాలుగు గోడలు మోగుతూనే ఉంటాయి.

మన భాషలో చెప్పాలంటే, డిజైనులో ఉన్న బగ్గుకి యూజర్ దగ్గర ప్యాచ్ వేస్తున్నాం. పైగా ఆ ప్యాచ్ డబ్బులు యూజరే కట్టుకుంటున్నాడు.

మరి డిజైనులో సరిచెయ్యాలంటే? ఇదేం రాకెట్ సైన్స్ కాదు. దెబ్బ కాంక్రీటులోకి దిగకముందే ఆపాలి. స్లాబు మీద 5 నుంచి 10 మిల్లీమీటర్ల రబ్బరు మ్యాటో, అందుకోసమే తయారుచేసే ఫోమ్ షీటో పరుస్తారు. గోడల చుట్టూ అదే పదార్థంతో ఒక పట్టీ నిలబెడతారు. దాని మీద 40, 50 మిల్లీమీటర్ల సిమెంటు బెడ్డు, దాని మీద టైల్స్. బెడ్డు స్లాబునీ తాకదు, గోడనీ తాకదు, మెత్తటి పొర మీద తేలుతూ ఉంటుంది. అందుకే దాన్ని ఫ్లోటింగ్ ఫ్లోర్ అంటారు. కారు చక్రానికీ సీటుకీ మధ్య స్ప్రింగులున్నట్టన్నమాట. సరిగ్గా వేస్తే దెబ్బ చప్పుడు 15, 20 డెసిబెల్స్ తగ్గుతుంది. 10 డెసిబెల్స్ తగ్గితే మన చెవికి చప్పుడు సగమైనట్టు అనిపిస్తుంది. ఆ లెక్కన 20 తగ్గితే నాలుగో వంతే మిగులుతుంది.

చూడండి, సిమెంటు బెడ్డు ఎలాగూ వేస్తున్నాం, టైల్స్ ఎలాగూ వేస్తున్నాం. కొత్తగా వచ్చేది ఆ మ్యాటూ, చుట్టూ పట్టీ, కాస్త శ్రద్ధ. 'సరిగ్గా వేస్తే' అన్న మాటలోనే అసలు కష్టం ఉంది. మేస్త్రీ అలవాటు కొద్దీ ఆ పట్టీని కోసేసి బెడ్డుని గోడకి ఆనిస్తే, లేదా స్కర్టింగుని సిమెంటుతో టైలుకి అతికిస్తే, ఆ ఒక్క చోటినుంచే దెబ్బ గోడలోకి పారుతుంది. టైలుకీ స్కర్టింగుకీ మధ్య సన్నటి సందు వదిలి సిలికానుతో నింపాలి. నూరు చోట్ల కుదిరి ఒక చోట కుదరకపోయినా లెక్క తప్పే పని ఇది. అందుకే కట్టాక కొలవాలి.

కొలవటం అంటే ఫోన్లో యాప్ పెట్టి చూడటం కాదు. దానికొక యంత్రం ఉంది. ఐదు చిన్న సుత్తులు, ఒక్కోటి అరకిలో, 4 సెంటీమీటర్ల ఎత్తునుంచి సెకనుకి పది దెబ్బల లెక్కన నేలని కొడుతుంటాయి. ఐదుగురు కలిసి పిండి దంచుతున్నట్టు. పైన అది దంచుతుంటే కింద గదిలో మైకు పెట్టి కొలుస్తారు. అది చెప్పే అంకెతో ఎవరూ వాదించక్కర్లేదు. 'మా పిల్లాడు అసలు పరిగెత్తడండీ', 'మీకే చెవులు ఎక్కువండీ' లాంటి సంభాషణలు అక్కడితో ఆగిపోతాయి.

మిగతా దేశాలవాళ్ళు ఈ పని చేస్తున్నారు. అమెరికా బిల్డింగ్ కోడ్‌లో ఒక ఇంటికీ దాని పైఇంటికీ మధ్య ఎస్.టి.సి., ఐ.ఐ.సి. రెండూ 50 ఉండాలి, కట్టాక అక్కడే కొలిస్తే 45 ఉన్నా సరే అంటారు. (అక్కడి చెక్క అపార్ట్‌మెంట్లలో ఉండొచ్చిన మిత్రులు నవ్వుతారని తెలుసు. ఆ పరీక్ష 'ధబ్‌ధబ్'మనే లోతైన చప్పుడుని సరిగ్గా పట్టుకోదు. చెక్క ఫ్లోరుతో వచ్చేదేమో అదే.) ఇంగ్లండులో 2003లో మార్చిన నిబంధనల దగ్గరనుంచీ ఫ్లాట్లు కట్టాక కొలిచి చూపించటమో, ముందే పరీక్షించి ఒప్పుకున్న డిజైన్ ప్రకారం కట్టటమో చెయ్యాలి.

మనకి అన్నిటికంటే పనికొచ్చే పాఠం దక్షిణ కొరియాది. అక్కడా మనలాగే కాంక్రీటు టవర్లు, మనలాగే ఇంట్లో చెప్పులు విప్పి మడమలతో నడిచే జనం. అంతస్తుల మధ్య చప్పుడు కోసం వాళ్ళ భాషలో విడిగా ఒక మాటే ఉంది. గొడవలు కోర్టులకీ, కొట్లాటలకీ వెళ్ళాయి. గోడల మీద నిలబడే అపార్ట్‌మెంట్లకి స్లాబు 210 మిల్లీమీటర్లు ఉండాలని రూలు పెట్టారు. అయినా గొడవలు ఆగలేదు. చివరికి 2022 ఆగస్టు నుంచి కొత్తగా అనుమతి తీసుకునే ప్రాజెక్టుల్లో, కట్టటం పూర్తయ్యాక కొన్ని ఫ్లాట్లు ఎంచి కొలవాలి, 49 డెసిబెల్స్ దాటకూడదు అన్నారు. అంటే మందం పెంచి చూశారు, చాలలేదు, చివరికి ఫలితాన్నే కొలవటానికి వచ్చారు. మనవి 125, 150 మిల్లీమీటర్ల స్లాబులు, కొలతా లేదు.

మన దగ్గర అసలేమీ లేదని కాదు. 1962లోనే ఇళ్ళలో శబ్ద నిరోధం మీద ఐ.ఎస్. 1950 అనే ప్రమాణం వచ్చింది. 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో ఎకౌస్టిక్స్ మీద విడిగా ఒక సెక్షనే ఉంది. కానీ ఆ కోడ్ స్వభావరీత్యా సిఫార్సు మాత్రమే, రాష్ట్రాలు తమ నిబంధనల్లోకి తీసుకున్న మేరకే అమలవుతుంది. అసోసియేషన్ మీటింగుల్లో అందరూ చదివి వినిపించే 'పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్' అనేది 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల్లోది. అది నివాస ప్రాంతం మొత్తానికి పెట్టిన పరిమితి, లౌడ్‌స్పీకర్ల లాంటివాటిని దృష్టిలో పెట్టుకుని రాసింది. స్లాబు నాణ్యత గురించి అది ఏమీ చెప్పదు. 2016 రెరా చట్టం ఇల్లు అప్పజెప్పిన ఐదేళ్ళ లోపు పనితనంలో లోపం బయటపడితే బిల్డరు ఉచితంగా సరిచెయ్యాలంటుంది. బానే ఉంది, కానీ ఎంత చప్పుడు వస్తే లోపం? ఒప్పందంలో అంకె లేనప్పుడు లోపమని నిరూపించటం ఎలా? రిక్వైర్‌మెంటే రాయకపోతే టెస్టర్ బగ్ ఎలా ఫైల్ చేస్తాడు?

మీ సేల్ అగ్రిమెంటులో స్పెసిఫికేషన్ల పేజీ ఒకసారి తీసి చూడండి. టైల్ సైజు, స్విచ్చుల కంపెనీ, కుళాయిల కంపెనీ, ఏ గోడకి ఏ పెయింటు అన్నీ ఉంటాయి. రెండిళ్ళ మధ్య చప్పుడు ఎంత అన్న ఒక్క లైను ఉండదు. మనం అడగలేదు కాబట్టి వాళ్ళు రాయలేదు. క్లబ్‌హౌసులో స్క్వాష్ కోర్టు ఉందా అని అడిగాం. పడగ్గదిలో నిద్ర పడుతుందా అని అడగలేదు.

కాబట్టి కొత్తగా ఫ్లాట్ కొనేవాళ్ళు, ముఖ్యంగా ఇంకా టైల్స్ వెయ్యని ప్రాజెక్టులో కొనేవాళ్ళు, ఈ నాలుగూ అడగండి:

1. స్లాబు మందం ఎంత? స్లాబుకీ టైలుకీ మధ్య మెత్తటి పొర ఏదైనా ఉందా?
2. ఉంటే గోడ చుట్టూ పట్టీ వేస్తున్నారా? స్కర్టింగు ఎలా అతికిస్తున్నారు?
3. పై బాత్‌రూమ్ పైపులు మా సీలింగు కింద వేలాడతాయా? వాటికి రబ్బరు క్లాంపులూ, చుట్టూ బరువైన పొరా ఉన్నాయా?
4. ఒక శాంపిల్ ఫ్లాటులో కొలిపించి ఆ అంకెని అగ్రిమెంటులో రాస్తారా?

నాలుగోదానికి మార్కెటింగ్ అబ్బాయి తెల్లమొహం వేస్తాడు. ఫరవాలేదు. ఒకడు అడిగితే వింత, యాభైమంది అడిగితే ఫీచర్. అయితే ఒక జాగ్రత్త. మీ ఒక్క ఫ్లాటులో మ్యాటు వేయించుకుంటే లాభం మీకు కాదు, మీ కిందింటివాళ్ళకి. మీకు లాభం రావాలంటే మీ పైవాళ్ళు వేయించుకోవాలి. ఖర్చు ఒకరిది, సుఖం ఇంకొకరిది అయినచోట ఎవరికి వారు చేస్తారని కూర్చుంటే ఎప్పటికీ జరగదు. అందుకే ఇది బిల్డింగు మొత్తానికి ఒకేసారి, రూలుగా రావాలి అంటున్నాను.

ఇప్పటికే కట్టేసిన ఇళ్ళలో ఉన్నవాళ్ళ మాటేమిటి? చప్పుడు పుట్టేచోట చేసిన చిన్న పని, వినిపించేచోట చేసిన పెద్ద పనికంటే మేలు. కుర్చీలకీ బల్లలకీ కాళ్ళ కింద ఫెల్ట్ ముక్కలు. గ్రైండరు, వాషింగ్ మెషీన్ల కింద మందపాటి రబ్బరు మ్యాటు. పిల్లలు ఆడేచోట దట్టమైన తివాచీ, కింద ఇంకో మెత్తటి పొర. టక్‌టక్‌మనే చప్పుళ్ళకి తివాచీని మించింది లేదు. పరుగు తాలూకు ధబ్‌ధబ్‌కి కొంతే పనిచేస్తుంది, ఆ నిజం కూడా చెప్పాలి. మా పైఇంటావిడకి నేను ఫెల్ట్ ముక్కల పాకెట్ ఒకటి కొనిచ్చాను. డైనింగ్ టేబుల్ చప్పుడు ఆ రోజుతో పోయింది. ఫిర్యాదు చేసుంటే పోయేది కాదు, ఇంకో రెండు చప్పుళ్ళు తోడయ్యేవేమో.

పిల్లాడి చప్పుడు మాత్రం అలాగే ఉంది, ఉంటుంది. మీటింగులో ఆ రూలు వద్దని చెయ్యెత్తినవాళ్ళలో నేనొకణ్ణి. ఇంట్లో పరిగెత్తొద్దని నాలుగేళ్ళవాడికి జరిమానా వెయ్యటానికి కుదిరిన ఏకాభిప్రాయం, మ్యాటెందుకు వెయ్యలేదని బిల్డరుకి ఒక ఉత్తరం రాయటానికి కుదరలేదు. వాడికైతే ఎదురు చెప్పే నోరు లేదు కదా! ఆ ఉత్తరం నేను రాసి మెంబర్లందరికీ పంపాను. ఇప్పటికి పదకొండు సంతకాలు వచ్చాయి. మా బిల్డింగుకి దానివల్ల ఒరిగేదేం లేకపోవచ్చు, అదే బిల్డరు పక్క వీధిలో ఇంకో టవర్ పునాదులు తవ్వుతున్నాడు. ఆ స్లాబుల మీద ఇంకా టైల్స్ వెయ్యలేదు.